ఖాళీ కుర్చీకి అభ్యంతరం

ఇస్త్రీపెట్టె కాస్త ఎక్కువ వేడెక్కిన పాపానికి అంకారావు ప్రభుత్వ ఆస్తిని తగలబెట్టినవాడయ్యాడు.

ఆ ప్రభుత్వ ఆస్తి ఒక ఖాకీ ప్యాంటు. నీలగుంటపేట ఎస్సై చలపతి గారిది. ఆగస్టు పదిహేను పొద్దున, జెండా వందనానికి ముందు, ఆ ప్యాంటు పట్టుకుని ఒక కానిస్టేబులు తాలూకాఫీసు సందులో ఉన్న అంకారావు బండి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. తొందరగా కావాలన్నాడు. బొగ్గులు సరిగ్గా రాజుకునేదాకా కూడా ఆగకుండా నెత్తిన నిలబడి తొందరపెట్టాడు. అంకారావు విసనకర్రతో గట్టిగా విసిరాడు. పెట్టె భగభగలాడింది. ప్యాంటు కుడి మోకాలి దగ్గర పెట్టె ఆకారంలోనే ఒక కిటికీ తెరుచుకుంది.

ఎస్సైగారికి ఇంకో ప్యాంటు ఉంది గానీ అది తడిసి దండెం మీద వేలాడుతోంది. ఆ ఏడాది ఆయన జెండాకి వందనం చెయ్యలేకపోయారు. మధ్యాహ్నానికల్లా అంకారావు మీద కేసు తయారైంది. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం ఒకటి, ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణకు ఆటంకం ఇంకొకటి. దేశద్రోహం కూడా చేర్చాలని ఎస్సైగారికి ఉండేది గానీ, స్టేషను రైటరుకి భోజనానికి వేళయిపోవడం వల్ల అది పడలేదు.

అంకారావు భార్య నాంచారమ్మకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆవిడ స్టేషను మెట్ల మీద కూర్చుని, కొత్త ప్యాంటు కుట్టించి ఇస్తామని బతిమాలింది. కేసు కట్టాక ప్యాంటు పుచ్చుకుంటే అది లంచం కిందికి వస్తుందని, పోలీసు శాఖ అలాంటివి సహించదని చెప్పి పంపేశారు.

కోర్టువారు దయతలచి బెయిలిచ్చారు. ఇద్దరు జామీను ఉండాలన్నారు, ఇద్దరికీ సొంత ఇళ్ళుండాలన్నారు. అంకారావు ఎరిగినవాళ్ళలో సొంత ఇళ్ళున్న వాళ్ళందరూ అతని దగ్గర బట్టలు ఇస్త్రీ చేయించుకునేవాళ్ళే. వాళ్ళంతా నాంచారమ్మ దగ్గరికి వచ్చి, ఎంతో జాలిపడి, ఎవరి బట్టలు వాళ్ళు మూటగట్టుకుని వెళ్ళిపోయారు. ఎస్సైగారికి ఎదురుగా సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ విధంగా అంకారావు బెయిలు ఉండి కూడా సబ్‌జైల్లో ఉండిపోయాడు. నాంచారమ్మకి ఆడపిల్ల పుట్టింది. దుర్గ అని పేరు పెట్టుకుంది. బాలింతరాలు లేచి నిలబడగానే బండి తనే తోసుకోవడం మొదలుపెట్టింది.

నిజానికి ఆ కేసు ఒక పూటలో తేలిపోవాల్సింది. కాల్చాను అంటున్నాడు, కాలింది అంటున్నారు, మధ్యలో తగువేమీ లేదు. కానీ ప్యాంటు కాలడానికి కారణం వేడేనా, మరొకటా అన్నది శాస్త్రీయంగా తేల్చాలని దాన్ని నగరంలో ఉన్న ల్యాబుకి పంపించారు. ప్యాంటు చూసిన ల్యాబువాళ్ళు ఇస్త్రీపెట్టె కూడా కావాలన్నారు. ఇస్త్రీపెట్టె చూశాక బొగ్గులు కావాలన్నారు. ఈలోగా మేజిస్ట్రేటు గారికి బదిలీ అయింది, కొత్తాయన వచ్చారు. ఎస్సైగారు సాక్ష్యానికి రావాల్సిన రోజున బందోబస్తు పడేది. బందోబస్తు లేని రోజున ప్రభుత్వ వకీలు సెలవు పెట్టేవారు. ఇద్దరూ వచ్చిన రోజున కరెంటు పోయేది. వాయిదా మీద వాయిదా పడుతుండగానే దుర్గకి పళ్ళొచ్చాయి, మాటలొచ్చాయి.

అప్పుడొచ్చింది హైమావతి. కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్ల. డబ్బులేని ముద్దాయిల తరఫున వాదించడానికి కోర్టువారే నియమించిన లాయరు. సబ్‌జైలుకి వచ్చి, అంకారావు కథంతా విని, అతనికి సత్వర విచారణ హక్కు ఉందని చెప్పింది.

"ఏడుందమ్మా? నాకెవురూ ఇయ్యలేదే," అన్నాడు అంకారావు.

"ఒకరు ఇచ్చేది కాదు అంకారావ్. పుట్టుకతోనే ఉంటుంది. మనం లేవనెత్తాలి, అంతే."

"ఓహో, పండుకోని ఉందా," అన్నాడు అంకారావు. అతను వెటకారానికి అనలేదు. ఇన్నాళ్ళూ అది లేవకపోవడానికి అదే కారణమై ఉంటుందని నిజంగానే అనుకున్నాడు.

అదృష్టవశాత్తూ నీలగుంటపేట కోర్టులో హక్కుల్ని లేవనెత్తడానికి ప్రత్యేక ఏర్పాటు జరిగి ఉంది. కేసులు ఆలస్యమవుతున్నాయని పైనుంచి ఘాటుగా ఒక సర్క్యులర్ రావడంతో, సత్వర విచారణ హక్కు పరిరక్షణ విభాగం అని ఒకటి పెట్టారు. దానికి భుజంగరావు గారు అధికారి. ఆయన కోర్టులో గుమాస్తాగా చేరి, ఒక్క కాగితాన్ని కూడా తొందరపడి కదిలించకుండా, మచ్చలేని ఉద్యోగం చేసి ఆ స్థానానికి వచ్చినవారు. హక్కు ఎంత గొప్పదైతే దాని దగ్గరికి వెళ్ళే మెట్లు అంత నిటారుగా ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. తేలిగ్గా దొరికే హక్కుకి జనంలో విలువ ఉండదనేవారు.

హైమావతి దరఖాస్తు తీసుకెళ్ళి ఇచ్చింది. భుజంగరావు గారు దాన్ని రెండు వైపులా చూసి, ముద్దాయి ఈ హక్కును మొట్టమొదటి వాయిదాలోనే కోరాడా అని అడిగారు. మొదటి వాయిదాకి ఇంకా ఆలస్యమే జరగలేదు కదా, ఎలా కోరతాడని హైమావతి అంది.

"అదే ధర్మసూక్ష్మం, మేడం. ఆలస్యము జరగకపూర్వము కోరినచో ఆ కోరిక అపరిపక్వము. ఆలస్యము జరిగిన పిమ్మట కోరినచో, జరుగుతున్నంతకాలము ఊరుకున్నాడు గనుక హక్కును వదులుకున్నట్లు. ఆ రెంటికీ మధ్య ఒక సముచిత సమయం ఉంటుంది. అప్పుడు కోరాలి."

"ఆ సమయం ఎప్పుడు సార్?"

"అది దరఖాస్తును విచారిస్తే గాని తేలదు."

అయినా ఆయన దరఖాస్తు తిరగ్గొట్టలేదు. విభాగానికి వచ్చిన మొదటి దరఖాస్తు అది. అది లేకపోతే విభాగం ఎందుకని పైవాళ్ళు అడగవచ్చు. దానికి నంబరు వేసి, ఎర్రదారం కట్టి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని బీరువాలో పెట్టారు.

తరవాతి మెట్టు నిర్దోషిత్వం. నేరం విషయంలో కాదు, ఆలస్యం విషయంలో. జరిగిన ఆలస్యంలో ముద్దాయి పాత్ర లేదని ముద్దాయే నిరూపించుకోవాలి. భుజంగరావు గారు వాయిదాలన్నీ తిరగేశారు. కొన్ని వాయిదాలకి అంకారావు కోర్టుకి రాలేదని తేలింది. జైలు నుంచి తీసుకురావడానికి పోలీసు వ్యాను రాలేదు గనుక రాలేదని హైమావతి చెప్పింది. వ్యాను రాకపోవడం వ్యాను తప్పు, మనిషి రాకపోవడం మనిషి తప్పు, రెండూ కలపకూడదని ఆయన సౌమ్యంగా వివరించారు. ఇంకొన్ని వాయిదాలకి అసలు మేజిస్ట్రేటు గారే సెలవులో ఉన్నారు. ఆ రోజుల్లో వాయిదా వేస్తుంటే అంకారావు అభ్యంతరం చెప్పలేదు. చెప్పలేదు కనుక ఒప్పుకున్నట్లే.

"మేజిస్ట్రేటు గారు లేకపోతే ఎవరికి చెప్పాలి సార్ అభ్యంతరం?" అని అడిగింది హైమావతి.

"న్యాయపీఠానికి చెప్పాలి. పీఠం ఎప్పుడూ ఉంటుంది మేడం. అందులో కూర్చునేవారే వస్తుంటారు, పోతుంటారు."

అది మాట వరసకి అన్నది కాదని హైమావతికి అర్థమైంది. వెళ్ళి అంకారావుకి చెప్పింది. తరవాతి వాయిదాకి మేజిస్ట్రేటు గారు మేనల్లుడి పెళ్ళికి వెళ్ళారు. కోర్టు గుమాస్తా లేచి కేసులన్నీ వాయిదా చదువుతుండగా, అంకారావు బోనులో చేతులు కట్టుకుని, ఖాళీ కుర్చీ వైపు వంగి దండం పెట్టి, "అయ్యా, నాకు అబ్బెంతరం," అన్నాడు. కుర్చీ ఏమీ అనలేదు. గుమాస్తా ఆలోచించి, ముద్దాయి అభ్యంతరం తెలిపాడని రాసుకున్నాడు. ఆ వార్త ఊరంతా పాకింది. జనం కోర్టు దగ్గర టీకొట్టులో చెప్పుకుని నవ్వుకున్నారు. మర్నాడు నాంచారమ్మ బండి దగ్గరికి వచ్చిన ఒకాయన ఆ మాటే ఎత్తి నవ్వబోతే, ఆవిడ కొత్త ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని ఆయన మొహంలోకి చూసింది. ఆయన బట్టలు తరవాత తీసుకుంటానని వెళ్ళిపోయాడు.

అభ్యంతరాన్ని భుజంగరావు గారు మెచ్చుకున్నారు. పద్ధతిగా ఉందన్నారు. అయితే కుర్చీలో మనిషి లేనప్పుడు చెప్పిన అభ్యంతరం మీద కుర్చీలో మనిషి ఉన్నప్పుడు సంతకం పడాలన్నారు. సంతకం కోసం పెడితే, తాను లేనప్పుడు జరిగినదానికి తానెలా సంతకం పెడతానని మేజిస్ట్రేటు గారు భయపడ్డారు. ఆయన చెడ్డవారేమీ కాదు. రిటైర్మెంటు దగ్గర పడుతున్న మనిషి. పరిరక్షణ విభాగం నేరుగా పైకి నివేదికలు పంపుతుందని తెలిసినప్పటి నుంచి, భుజంగరావు గారు లేచి నిలబడితే ఆయన చెయ్యి దానంతటదే వాయిదా రాసేది.

ఆ తరవాతది నష్ట నిరూపణ. ఆలస్యం వల్ల ముద్దాయికి ఏం నష్టం జరిగిందో చూపించాలి. ఇక్కడ జైలు సూపరింటెండెంటు గారి అభిప్రాయం అడిగారు. సబ్‌జైలుకి అంకారావు వచ్చిన దగ్గర్నుంచి అక్కడి వార్డర్ల యూనిఫారాలు చుట్టుపక్కల ఏ జైల్లోనూ లేనంత మడతపట్టి మెరుస్తున్నాయి. సూపరింటెండెంటు గారి ఇంట్లో దుప్పట్లు కూడా మెరుస్తున్నాయి. క్రమంగా కోర్టు గుమాస్తాల చొక్కాలు, ప్రభుత్వ వకీలు గారి గౌను, మేజిస్ట్రేటు గారి మెడపట్టీలు కూడా జైలుకే వచ్చేవి. అందుచేత సూపరింటెండెంటు గారు మనస్ఫూర్తిగా రాసిచ్చారు. ముద్దాయి ఆరోగ్యంగా ఉన్నాడనీ, బరువు పెరిగాడనీ, వృత్తిలో ఎంతో అభివృద్ధి సాధించాడనీ, అతని వంటి మనిషి సంస్థకు ఎంతో అవసరమనీ.

హైమావతి లేచి, ఈ మనిషి తన బిడ్డను ఇంతవరకు ఎత్తుకోలేదని చెప్పింది. ములాఖత్ రోజున ఇనుప జల్లెడ అవతల నుంచి చూడటమేనని, జల్లెడలోంచి వేలు కూడా దూరదని చెప్పింది. భుజంగరావు గారు శ్రద్ధగా విన్నారు.

"బాధాకరమే. కానీ నష్టమంటే ఉన్నది పోవడం. బిడ్డ పుట్టకముందే ఇతను లోపలికి వచ్చాడు. ఎత్తుకునే అలవాటు ఎన్నడూ లేనివాడికి ఎత్తుకోకపోవడం వల్ల పోయినదేమిటి? నష్టం నిరూపణ కాలేదు."

ఆ రోజు అంకారావు జైలుకి తిరిగి వెళ్ళి అన్నం ముట్టలేదు. వార్డరు అడిగితే కడుపులో బాగాలేదన్నాడు.

తరవాత ఒక విచిత్రం జరిగింది. ఒక వాయిదాకి అందరూ వచ్చారు. మేజిస్ట్రేటు గారు పీఠం మీద ఉన్నారు, ప్రభుత్వ వకీలు ఉన్నారు, ఎస్సై చలపతి గారు సాక్ష్యం చెప్పడానికి టోపీ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నారు. కరెంటు కూడా ఉంది. అన్నిటికీ మించి ల్యాబు నుంచి నివేదిక వచ్చింది. వస్త్రము కాలినదనీ, కారణము ఉష్ణము కావచ్చుననీ అందులో ఉంది. కేసు పిలిచారు. సాయంత్రానికి అంకారావు ఇంటికి వెళ్ళిపోతాడనుకుంది హైమావతి. నేరం రుజువైనా, పడే శిక్ష ఎప్పుడో అనుభవించేశాడు.

భుజంగరావు గారు లేచి నిలబడ్డారు. సత్వర విచారణ దరఖాస్తు తేలేవరకు అసలు కేసును ముట్టుకోరాదని విన్నవించారు.

"ఇప్పుడు విచారణ జరిపేస్తే, ఇక సత్వర విచారణ హక్కు ఏం కావాలి? దరఖాస్తు నిరర్థకమైపోతుంది. ఒక పౌరుడి ప్రాథమిక హక్కును ఈ కోర్టే తన చేతులతో చంపినట్లవుతుంది."

హైమావతి వెంటనే దరఖాస్తు వెనక్కి తీసుకుంటామంది. ప్రాథమిక హక్కును వదులుకునే హక్కు పౌరుడికి లేదని భుజంగరావు గారు చెప్పారు. పేదవాడు, చదువులేనివాడు, అతనొక్కడే అయితే వదిలేసుకుంటాడనే కదా విభాగం పెట్టింది, అన్నారు. అప్పుడు అంకారావు బోనులోంచి, తాను తప్పు ఒప్పుకుంటానని, ప్యాంటు తానే కాల్చానని, ఏ శిక్ష వేసినా సరేనని బతిమాలాడు. తప్పొప్పుకోలు అసలు కేసులోకి వస్తుంది, అసలు కేసు ఆగి ఉంది, కాబట్టి ఆ మాట వినబడలేదని రాసుకోవాలని భుజంగరావు గారు గుమాస్తాకి సూచించారు. పైగా అంకారావుకి ఒక హితవు కూడా చెప్పారు. ప్యాంటు కాలింది తొందర వల్లనే కదా, ఇంకా ఆ తొందర పోలేదేమిటి అన్నారు.

మేజిస్ట్రేటు గారు గడియారం వైపు చూసి వాయిదా వేశారు. ఎస్సైగారు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

హైమావతి వరండాలో స్తంభం చాటుకి వెళ్ళి ఏడ్చింది. నాంచారమ్మ చంకలో దుర్గతో వచ్చి పక్కన నిలబడింది. "ఏడవబాక లాయరమ్మా. నువ్వు ఏడిస్తే మాకెవురు చెబుతారు," అంది. ఆ మాటతో హైమావతికి ఇంకా ఏడుపొచ్చింది.

శిక్షాకాలంలో సగం గడిపేసిన ముద్దాయిని జామీను లేకుండా వదిలేయాలన్న నియమం ఒకటుంది. హైమావతి దాన్ని పట్టుకుని, అలాంటి విడుదలలు చూసే కమిటీ ముందుకు వెళ్ళింది. కమిటీవారు పరిశీలించి, ఈ ముద్దాయికి అంతకంటే మేలైన ఉపశమనం పరిరక్షణ విభాగంలో పరిశీలనలో ఉన్నందున, చిన్నదానితో సరిపెట్టడం అతనికి అన్యాయం చేసినట్లవుతుందని రాశారు. సత్వర విచారణ దరఖాస్తును సత్వరంగా విచారించమని ఇంకో దరఖాస్తు వేసింది. దానికి భుజంగరావు గారు చాలా సంతోషించారు. విభాగానికి దరఖాస్తులు రెట్టింపయ్యాయని పైకి రాశారు. పైనుంచి ఇద్దరు సిబ్బందిని, ఒక కూలరును మంజూరు చేశారు.

విభాగం వార్షికోత్సవం వచ్చింది. సత్వర విచారణ వారోత్సవాలని బ్యానరు కట్టారు. ముఖ్య అతిథికి తీరిక కుదరక వారోత్సవాలు నెలరోజులకి పైగా సాగాయి. చివరికి ఆయన వచ్చిన రోజున కోర్టు ఆవరణలో షామియానా వేసి, అంకారావును జైలు నుంచి పిలిపించి వేదిక మీద కూర్చోబెట్టారు. పక్కన కాపలా కానిస్టేబులుకి కూడా కుర్చీ వేశారు. భుజంగరావు గారు మైకు పట్టుకుని, రాజ్యాంగం మనకిచ్చిన మహత్తర హక్కును ఇంత ఓపికగా, ఇంత దీర్ఘకాలం వినియోగించుకుంటున్న పౌరుడు చుట్టుపక్కల మరొకడు లేడని ప్రశంసించారు. శాలువా కప్పించారు. రెండు మాటలు మాట్లాడమన్నారు.

అంకారావు మైకు ముందు నిలబడ్డాడు. వెనక వరసలో నాంచారమ్మ, ఆవిడ ఒళ్ళో మిఠాయి పొట్లం విప్పుకుంటున్న దుర్గ కనిపించారు.

"అందురూ బాగా చూస్తన్నారండి. అదుగో ఆ ఎనకాల కూసున్నది మా పిల్ల. ఒక్కపాలి ఎత్తుకోనిస్తే, మళ్ళీ కూసుంటానండి," అన్నాడు.

చప్పట్లు కొట్టాలా వద్దా అని జనం ముందు వరస వైపు చూశారు. ముందు వరసవారు ముఖ్య అతిథి వైపు చూశారు. ఆయన ఫోను చూసుకుంటున్నారు. భుజంగరావు గారు మైకు అందుకుని, మన అర్జీదారుడు వేదిక మీద నుంచి కూడా కోరికలు కోరుతున్నాడంటే ఈ విభాగం మీద ప్రజలకెంత విశ్వాసం ఉందో గమనించాలని, అయితే సదరు కోరికకు విడిగా దరఖాస్తు అవసరమని చెప్పి వందన సమర్పణ మొదలుపెట్టారు. అప్పుడు చప్పట్లు మోగాయి.

ఆ తరవాత హైమావతి వాదించడం తగ్గించింది. ప్రతి వాయిదాకి వచ్చి కూర్చునేది. అంకారావు కూడా ఇంటికెప్పుడు అని అడగడం మానేశాడు. బోనులో నిలబడి, అలవాటు కొద్దీ అభ్యంతరం చెప్పి, వ్యాను ఎక్కేవాడు.

ఒక వాయిదా రోజున అతను వరండాలో కాపలా కానిస్టేబులు పక్కన నేల మీద కూర్చుని ఉండగా, లావుపాటి పోలీసు అధికారి ఒకాయన మెట్లెక్కి వస్తూ ఆగారు. చలపతి గారు. ఆయన సీఐగా ప్రమోషనై ఎప్పుడో వేరే ఊరు వెళ్ళిపోయారు. ఏదో పాత దొంగతనం కేసులో సాక్ష్యానికి వచ్చారు. ఆయన అంకారావును పోల్చుకుని ఆప్యాయంగా నవ్వారు.

"ఏరా అంకారావ్, మళ్ళీ ఏం తగలబెట్టావు?"

"పాతదేనండి," అన్నాడు అంకారావు లేచి నిలబడి.

"పాతదేంట్రా?"

"మీ ప్యాంటేనండి."

చలపతి గారి మొహంలో నవ్వు ఆగిపోయింది. ఆ కేసా, అన్నారు. తాను బదిలీ మీద వెళ్ళే ముందే చిల్లర కేసులన్నిటితో పాటు దాన్ని కూడా ప్రభుత్వం ఎత్తేసిందని చెప్పారు. అప్పుడు గుట్టగా ఉన్న కేసులన్నీ ఒకే పూటలో కొట్టేశారని, తానే దగ్గరుండి చూశానని చెప్పారు. అయినా ఆ ప్యాంటు ఇప్పుడు తనకు పట్టదని కూడా అన్నారు. కానీ ఆ చివరి మాట ఆయనకే నచ్చలేదు. తల దించుకున్నారు.

పక్కనే నిలబడి అది విన్న హైమావతి కోర్టు హాల్లోకి పరుగెత్తింది. జరుగుతున్న కేసు మధ్యలో నిలబడి, చలపతి గారి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసి, ఆయన చేత ఆ మాటే మళ్ళీ చెప్పించింది. మేజిస్ట్రేటు గారు తెల్లబోయారు. ఆ పూట గుట్టలో తాను పెట్టిన సంతకాల్లో అంకారావు కేసు కూడా ఉందని ఆయనకి తెలియదు. అంకారావును బోనులోకి రప్పించి, భుజంగరావు గారిని పిలిపించారు. ఆయన తాపీగా వచ్చి నిలబడ్డారు.

"భుజంగరావు గారూ, ఇతని కేసు కొట్టేసినట్లు మీకు తెలుసా?"

"తెలుసండి. అది అసలు కేసు. మా దరఖాస్తుకు దానితో సంబంధం లేదు."

"మరి కేసే లేనప్పుడు ఇతను జైల్లో ఎందుకున్నాడు?"

"సత్వర విచారణ కోరుతూ ఉన్నాడండి."

భుజంగరావు గారు అందరి వైపూ చూసి, అర్థం కానివాళ్ళకి విడమరిచి చెప్పారు. సత్వర విచారణ హక్కు కోరవలసినది నిర్బంధంలో ఉన్న ముద్దాయి. విడిచిపెట్టేస్తే అతను అర్జీదారుడిగా ఉండటానికి అర్హత కోల్పోతాడు. అర్జీదారుడు లేకపోతే దరఖాస్తు పోతుంది. ఇంత శ్రమపడి ఇంతదూరం తెచ్చిన హక్కు గాలిలో కలిసిపోతుంది. అందుకే కేసు కొట్టేసిన ఉత్తర్వును విభాగం తరఫున తాము జాగ్రత్తపరిచామని, దరఖాస్తు తేలిన వెంటనే జైలుకి పంపేవాళ్ళమని చెప్పారు. ఆయన గొంతులో ఎక్కడా జంకు లేదు. తాను కాపాడింది ఎంత విలువైనదో ఆయనకు బాగా తెలుసు.

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. చాలాసేపు అంకారావు వంక చూడలేకపోయారు. భుజంగరావు గారు మళ్ళీ ఏదో నియమం చదవబోతుంటే, "మీరు కూర్చోండి," అన్నారు. అంత చిన్నమాట ఆయన ఆ విభాగంతో అంతకుముందెన్నడూ అనలేదు. అక్కడికక్కడే విడుదల ఉత్తర్వు తనే చేత్తో రాసి సంతకం పెట్టారు. కొట్టేసిన సంగతిని దాచినందుకు భుజంగరావు గారి మీద పైకి రాస్తానన్నారు. ఆ తరవాత బోను వైపు తిరిగి, నువ్వు పోవచ్చు అన్నారు.

అంకారావు కదల్లేదు. ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని చూస్తున్నట్టు నిలబడ్డాడు. హైమావతి వెళ్ళి బోను తలుపు తీసి పట్టుకుంది.

సాయంత్రానికి సబ్‌జైలు గేటు దగ్గరికి నాంచారమ్మ దుర్గను తీసుకుని వచ్చింది. సూపరింటెండెంటు గారు గేటుదాకా వచ్చి సాగనంపారు. ఆయనకి నిజంగానే దిగులుగా ఉంది. అంకారావు ఒంగి కూర్చుని పిల్ల వైపు చేతులు చాచాడు. జల్లెడ లేకుండా అంత దగ్గరగా చూడటం కొత్త కావడంతో, పిల్ల తల్లి కుచ్చిళ్ళు పట్టుకుని అనుమానంగా చూసింది. నాన్న ఎక్కడుంటాడని అడిగినప్పుడల్లా ఆఫీసులో ఉంటాడనే నాంచారమ్మ చెబుతూ వచ్చింది.

"ఇయ్యాల ఆఫీసుకి సెలవా నాన్నా?" అని అడిగింది.

"ఇంక పోనమ్మా," అన్నాడు అంకారావు. పిల్లను ఎత్తుకున్నాడు. ఎత్తుకోవడం ఎలాగో తెలియక, ఇస్త్రీ చేసిన బట్టల దొంతరను మోసినట్టు రెండు చేతుల మీదా అడ్డంగా ఎత్తుకున్నాడు. నాంచారమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, పిల్లను భుజాన ఎలా వేసుకోవాలో చూపించింది.

వాళ్ళు రోడ్డు మీదికి వచ్చేసరికి వెనకనుంచి పిలుపు వినబడింది. భుజంగరావు గారు ఫైలు చంకలో పెట్టుకుని ఆయాసపడుతూ వస్తున్నారు. ఆయన ఉద్యోగంలో అంత వేగంగా నడవడం అదే మొదటిసారి. మేజిస్ట్రేటు గారు వదిలింది మనిషినే గానీ దరఖాస్తును కొట్టేయలేదని, అది ఇంకా సజీవంగా ఉందని, అర్జీదారుడు వచ్చి సంతకం పెట్టాలని చెప్పారు. ఒక్క నిమిషం పని అన్నారు.

అంకారావు అలవాటు కొద్దీ ఆగి వెనక్కి తిరగబోయాడు. నాంచారమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఇయ్యాల మాకు తీరిక లేదు సారూ," అంది. "వాయిదా ఏసుకోండి."

ముగ్గురూ రోడ్డు దాటి వెళ్ళిపోయారు. భుజంగరావు గారు అక్కడే నిలబడి, ఫైలు మోకాలి మీద ఆనించి, కలం తీసి, తేదీ వేసుకున్నారు.